కొత్త స్పీకర్లు కొనకండి, పాతవి ఏమంటున్నాయో వినండి

“కంప్యూటర్‌లో సౌండ్ బాగా రావడం లేదు, మంచి స్పీకర్లు ఏవైనా ఉంటే చెప్పండి.” తెలిసినవారి నుంచి ఈ మాట తరచూ వింటుంటాను. అందులో మొదటి సగం ఫిర్యాదు, రెండో సగం కొనుగోలు. ఈ రెండింటి మధ్యా జరగాల్సిన విచారణ ఒకటుంది. అది జరగనే జరగదు. “బాగా రావడం లేదంటే ఎలా ఉంది? గుంయ్‌మంటోందా, గరగరమంటోందా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుందా, పాటలో గొంతు వినబడడం లేదా?” అని ఎదురడిగితే విసుక్కుంటారు. ఎలా ఉంటేనేం, బాగాలేదు కదా అంటారు.

నా వాదన అంతా ఆ ‘ఎలా’ దగ్గరే ఉంది. ప్రతి లోపానికీ దానిదైన మోత ఒకటి ఉంటుంది. అది ఎప్పుడు మొదలవుతుంది, దేన్ని ముట్టుకుంటే పెరుగుతుంది, దేన్ని పీకేస్తే ఆగుతుంది అన్నవి గమనిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది. అది వినకుండా కొత్త స్పీకర్లు కొనడమంటే బురద నీళ్లు వస్తున్నాయని కుళాయి మార్చడమే. కొత్త కుళాయి మెరుస్తుంది, నీళ్ల రంగు మాత్రం అలాగే ఉంటుంది.

పాట ఒక ఫైలుగా బయలుదేరి చెవిని చేరేలోపు చాలా చోట్ల ఆగుతుంది. ముందు దాన్ని విప్పి చదివే ప్లేయర్. తర్వాత అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ కలిపి ఒకటి చేసే ఆపరేటింగ్ సిస్టమ్. అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే చిప్పు. జాక్, అందులో దూరిన పిన్ను, వైరు. స్పీకర్ పెట్టెలోని ఆంప్లిఫయర్, దానికి కరెంటు అందించే భాగం, ఊగుతూ శబ్దం పుట్టించే కోను. అన్నిటికీ చివర మీ గది. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా నింద పడేది స్పీకర్ల మీదే, కంటికి కనిపించేవి అవే కాబట్టి.

ఇంటర్నెట్టులో దొరికే ‘పది చిట్కాల’ మీద నాకు మొదటి నుంచీ మంట. డ్రైవర్ (కంప్యూటర్‌లో ఒక్కో భాగాన్ని నడిపే ప్రోగ్రాము) తీసేసి మళ్లీ వేయండి, సిస్టమ్ రీస్టార్ట్ చేయండి, వైరు మార్చండి, కొత్త స్పీకర్లకు ఈ లింకు నొక్కండి. చిట్కాలు అబద్ధాలని అనను. వాటికి వరుస లేదు, కారణం లేదు. మూడో చిట్కా పనిచేస్తే ఎందుకు పనిచేసిందో తెలియదు. ఏదీ పనిచేయకపోతే లింకు నొక్కడమే మిగులుతుంది. ఆ రాతలు ఎందుకు రాశారో ఆ చివరి లింకే చెబుతుంది.

పని మొదలుపెట్టాల్సింది దారిని సగానికి కోయడంతో. స్పీకర్ల పిన్ను తీసి, అదే జాక్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టి అదే పాట వినండి. అందులోనూ అదే రొద ఉంటే లోపం జాక్‌కు ఇవతల, అంటే కంప్యూటర్‌లో ఉంది. ఇయర్‌ఫోన్లలో పాట శుభ్రంగా ఉంటే వైరు నుంచి అవతల వెతకాలి. రెండో పరీక్ష దీనికి తిరుగుడు: స్పీకర్ల పిన్నును కంప్యూటర్ నుంచి తీసి, ఛార్జింగులో లేని ఫోనుకు పెట్టండి. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఆ రంధ్రమే లేదు; పాత ఫోను ఒకటి సొరుగులో ఉంటే పారేయకండి, ఈ పనికి దానికి మించినది లేదు. ఫోను పెట్టినప్పుడు శబ్దం బాగుంటే స్పీకర్లు నిర్దోషులు. ఈ రెండు పరీక్షలకు పట్టే సమయం ఒక పాట నిడివి కూడా ఉండదు. అయినా కార్డు గీకే ముందు ఇవి చేసేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక మోతల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది, అన్నిటికంటే ఎక్కువగా అపార్థమయ్యేది పాట ఆపేసినా వినిపించే గుంయ్‌మనే శబ్దం. మన గోడలో వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపైన 100 హెర్ట్జ్ ఎక్కడో ఒక చోట ఆడియో వైరులోకి చొరబడితే స్పీకర్ దాన్ని కూడా పాడుతుంది. హార్మోనియం వాయించేవారు పోల్చుకోగలరు: 100 హెర్ట్జ్ అంటే మంద్రంలో ‘జి’ మెట్టుకు కాస్త పైన. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఇదే మోత 60, 120 హెర్ట్జ్‌ల దగ్గర వస్తుంది, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కనుక. శ్రుతి మారుతుంది కానీ జబ్బు ఒకటే.

ఈ మోత ఎక్కడి నుంచి దూరుతోందో చెప్పడానికి వాల్యూమ్ నాబ్ ఒక్కటి చాలు. నాబ్ తిప్పుతుంటే మోత కూడా పెరిగి తగ్గితే అది నాబ్‌కు ముందున్న భాగంలో చేరుతోంది. అంటే వైరు, పిన్ను, కంప్యూటర్. నాబ్ పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉండి, ఆడియో పిన్ను పీకేసినా పోకపోతే అది స్పీకర్ పెట్టె లోపలే పుడుతోంది. లోపల పుట్టే మోతకు తరచుగా కారణం కరెంటు భాగంలోని పెద్ద కెపాసిటర్లు. గోడ కరెంటును ఒకే దిశకు మార్చినప్పుడు మిగిలే ఎగుడుదిగుళ్లను చదును చేయడం వాటి పని. వాటిలోని ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ, అందులోనూ వేడికి, ఎండిపోతుంది. అప్పుడు ఆ ఎగుడుదిగుళ్లే బుర్రుమంటూ వినిపిస్తాయి. పైభాగం ఉబ్బి కనిపించే కెపాసిటర్ దొరికితే దొంగ దొరికినట్టే. ఆ విడిభాగం ఖరీదు చాలా తక్కువ. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలోనో, మరో ఊళ్లో రేడియోలు బాగుచేసే పాత దుకాణంలోనో దొరుకుతుంది. అయితే ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. టంకం పని చేతనైనవారికే అప్పగించండి.

బయటి నుంచి వచ్చే మోత కథ ఇంకా పెద్దది. దాంట్లో ప్రధాన పాత్ర ఎర్తింగ్‌ది. డెస్క్‌టాప్ ఒక సాకెట్‌లో, స్పీకర్ల ఆంప్లిఫయర్ గదికి అవతలి వైపు సాకెట్‌లో ఉండి, రెంటికీ మూడు పిన్నుల ప్లగ్గులే ఉన్నాయనుకోండి. రెండు చోట్లా ఎర్త్ ఒకే మట్టంలో ఉండదు, మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉంటుంది. ఆడియో వైరు ఆ రెంటినీ కలిపిన వెంటనే ఒక వలయం ఏర్పడి, ఆ తేడా కరెంటు వైరు పైతొడుగు గుండా ప్రవహిస్తుంది. స్పీకర్ దాన్ని కూడా పాటే అనుకుంటుంది. వైద్యం చాలా సులువు: రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. మోత అక్కడికక్కడే తగ్గిపోతే ఇక దాని గురించి చదవక్కర్లేదు.

కంప్యూటర్‌ను టీవీకి కూడా కలిపినవారు ఇంకో చోట చూడాలి. కేబుల్ టీవీ వైరు వీధిలోని స్తంభాల మీదుగా వచ్చి, ఎక్కడెక్కడో భూమిని తాకి మన ఇంట్లోకి దూరుతుంది. ఆ లావు వైరును సెట్‌టాప్ బాక్సు వెనక నుంచి ఒక్క నిమిషం విప్పి చూడండి. మోత ఆగితే స్పీకర్లకు క్షమాపణ చెప్పుకోవాలి.

లాప్‌టాప్‌లది వేరే కథ. చాలా ఛార్జర్లకు రెండు పిన్నులే ఉంటాయి, ఎర్త్ ఉండదు. ఛార్జర్ లోపల రొద అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు లాప్‌టాప్ శరీరంలోకి కారుతుంది. లోహపు మూత మీద వేలు తేలిగ్గా రాస్తే జివ్వుమనేది అదే. ఛార్జర్ తీసేస్తే మోత పోయి, పెడితే తిరిగి వస్తే కారణం ఇదే. మూత మీద చెయ్యి ఆనించగానే మోత మారినా కారణం ఇదే. మూడు పిన్నుల ఛార్జర్ వాడటమో, ఛార్జర్ తీసి వినడమో మార్గం.

ఈ సందర్భంలో తిరుగుతున్న ఒక సలహా మీద నాకు నిజంగా కోపం ఉంది. మోత పోవాలంటే ప్లగ్గులోని పెద్ద పిన్నును, అంటే ఎర్త్ పిన్నును, విరిచేయమనో, రెండు పిన్నుల అడాప్టర్ వేయమనో చెబుతారు. మోత పోతుంది, అది నిజమే. దానితోపాటు కంప్యూటర్‌లో ఏ వైరో తెగి రేకు పెట్టెను తాకిన రోజున మిమ్మల్ని కాపాడాల్సిన దారి కూడా పోతుంది. ఆ పిన్ను పొడవుగా ఎందుకుందంటే, మిగతా రెంటికంటే ముందే తగిలి, చివరన ఊడాలని. పాటలో గుంయ్ వినలేక ప్రాణానికి రక్షణగా ఉన్నదాన్ని విరిచేయమనేవారికి స్పీకర్ల గురించి మాట్లాడే అర్హత లేదని నా అభిప్రాయం.

అసలు చాలా ఇళ్లలో ఆ మూడో రంధ్రం వెనక ఏముందో ఎవరికీ తెలియదు. ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ప్లేటో గొట్టమో పాతిపెడతారు. ఆ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతే ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది. వెనకటి ఇళ్లలో పెద్దవాళ్లు వేసవిలో అందులో బిందెడు నీళ్లు పోసేవారు. ఇప్పుడు ఆ గొయ్యి మీదే టైల్స్ పరిచి బండి నిలుపుతున్నాం. కొన్ని అద్దె వాటాల్లో మూడో రంధ్రానికి వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించమనండి. అది రెండు మూడు వోల్టులు దాటితే పని స్పీకర్లలో లేదు, ఇంట్లో ఉంది. ఫ్రిజ్‌కు, గీజర్‌కు కూడా అదే ఎర్తింగ్ ఆధారమని వేరే చెప్పాలా?

ఇంట్లోనే పుట్టే ఇంకొన్ని మోతలున్నాయి. ఫ్యాను వేగం తగ్గిస్తే స్పీకర్లో జుయ్‌మంటే అది రెగ్యులేటర్ పని. గుండ్రంగా, ఆగకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను మధ్యలో కోసి పంపుతాయి, ఆ కోత మోతగా వినబడుతుంది. టక్కు టక్కుమంటూ మెట్టు మెట్టుగా తిరిగే కెపాసిటర్ రకానికి ఈ ఇబ్బంది ఉండదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే బుర్రుమంటే ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ (కరెంటు అలను నున్నగా కాక చదరంగా పంపే) రకమై ఉంటుంది. ఆ సమయంలో ఫ్యాను కూడా మూలుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఫోను మోగడానికి ఒక క్షణం ముందు స్పీకర్లో వచ్చే టిటిటిట్ టిటిటిట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2జీ ఫోను సెకనుకు దాదాపు 217 సార్లు విడివిడిగా రేడియో తరంగాలు వెదజల్లడం వల్ల వచ్చేది అది. 4జీ వచ్చాక దాదాపు అంతరించింది. బటన్ల ఫోను ఇంకా వాడే పెద్దవాళ్లున్న ఇళ్లలో మాత్రం ఇప్పటికీ పలకరిస్తుంటుంది. ఫోనును మూరెడు దూరం జరిపితే చాలు.

గుంయ్ కాకుండా సన్నగా చిర్‌చిర్‌మంటూ, మౌస్ కదిలిస్తే మారుతూ, పేజీ కిందికి జరిపితే ఈలలా లేస్తూ ఉండేది ఇంకో జాతి. అది కంప్యూటర్ లోపలి రొద. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు జాక్ నుంచి పిన్ను తీసి వెనక ఆకుపచ్చ జాక్‌లో పెట్టండి. ముందు జాక్‌కు వెళ్లే సన్నని వైరు కేబినెట్ లోపల రొద చేసే భాగాలన్నిటి పక్క నుంచీ పాకుతూ వస్తుంది. దీనికంటే తమాషా అయినది యూఎస్‌బీ కరెంటుతో నడిచే చిన్న స్పీకర్ల సంగతి. వాటికి కరెంటూ కంప్యూటర్ నుంచే, పాటా కంప్యూటర్ నుంచే. ఆ రెండు వైర్లూ కలిసి అక్కడికక్కడే ఒక వలయం కట్టేస్తాయి, లోపలి రొదంతా అందులో తిరుగుతుంది. యూఎస్‌బీ వైరును కంప్యూటర్ నుంచి తీసి ఫోను ఛార్జర్‌కు పెట్టండి. ఇది పైసా ఖర్చులేని పని. అయినా రొద పోకపోతే, యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న సౌండ్ కార్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. నేను స్పీకర్ల కంటే ముందు కొనమనేది ఏదైనా ఉంటే అదే.

గరగర గురించి తక్కువ మాటల్లో చెప్పేయవచ్చు. నాబ్ తిప్పేటప్పుడు మాత్రమే గరగరమంటే నాబ్ లోపలి కార్బన్ దారిలో దుమ్ము చేరింది. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క పిచికారీ కొట్టి, నాబ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి చాలాసార్లు తిప్పాలి. పిన్నును కదిలిస్తే వస్తే జాక్ వదులైంది, లేదా పిన్ను మెడ దగ్గర వైరు నలిగింది. పాట పెద్దగా ఉన్న చోట మాత్రమే వస్తే రెండు అనుమానాలు: కోను చిరిగిందేమో, లేదా ఎక్కడో శబ్దాన్ని దాని హద్దు దాటించారేమో. కోను అంచున ఉండే స్పాంజి పట్టీ ఏళ్ల తరబడి తేమకు పొడిపొడిగా రాలిపోతుంది, సముద్రానికి దగ్గరి ఊళ్లలో మరీ త్వరగా. వేళ్లతో కోనును సమంగా, సుతారంగా నొక్కి చూడండి. లోపల గీరుకున్నట్టు వినిపిస్తే కోనును ఊపే తీగచుట్ట రాసుకుంటోందని అర్థం. ఇది నిజంగా స్పీకర్ రోగం, వాదించను.

హద్దు దాటించడం మాత్రం మన చేతిపనే. విఎల్‌సి ప్లేయర్‌లో వాల్యూమ్ 125 శాతం దాకా వెళ్తుంది. అంకెల లోకంలో నూటికి పైన చోటు లేదు. అప్పటికే నిండుగా రికార్డయిన పాటను ఇంకా పెంచితే అలల తలలు తెగిపోతాయి, గొంతు బొంగురుపోతుంది. ఒక వాడుక మంచిది: కంప్యూటర్‌లో వాల్యూమ్ నూటికి దగ్గరగా, కానీ దాటకుండా ఉంచి, స్పీకర్ నాబ్‌ను తగ్గించి వినడం. దీనికి తిరగేసి, కంప్యూటర్‌లో ఇరవై పెట్టి స్పీకర్ నాబ్ చివరిదాకా తిప్పేవారు పాటతోపాటు వెనకున్న బుసను కూడా పెంచుకుంటున్నారు.

ఇయర్‌ఫోన్లలో కూడా, యూట్యూబులో కూడా, ఉండుండి టప్ టప్‌మని తెగితే అది ప్రోగ్రాముల వ్యవహారం. ఏదో డ్రైవర్, చాలాసార్లు వైఫైది, ప్రాసెసర్‌ను వదలకుండా పట్టుకోవడం వల్ల ఆడియోకు వేళకు అందాల్సిన ముక్క అందదు. వైఫై ఆపి చూడండి. ఇక్కడ మాత్రమే డ్రైవర్ మార్చమన్న సలహాకు అర్థం ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన లోపం ఒకటి చెప్పాలి. పాటలో తబలా, వయొలిన్లు, కోరస్ అన్నీ వినిపిస్తాయి. పాడే మనిషి మాత్రం ఎక్కడో బావిలో ఉన్నట్టుంటుంది, లేదా అసలే ఉండడు. చాలామంది ఫైలు పాడైందనుకుంటారు. అసలు సంగతి పిన్ను పూర్తిగా దిగకపోవడం, లేదా పిన్నులో భూమి తీగ తెగిపోవడం. 3.5 మిల్లీమీటర్ల పిన్నులో కొన ఎడమ శబ్దానికి, మధ్య కట్టు కుడి శబ్దానికి, మొదలు రెంటికీ ఉమ్మడి తిరుగుదారికి, అంటే ఆ భూమి తీగకు. ఆ తిరుగుదారి తెగితే స్పీకర్లకు ఎడమకూ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే చేరుతుంది. స్టీరియో పాటలో గొంతును సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంచుతారు కాబట్టి తేడాలో అది కొట్టుకుపోతుంది. ఘంటసాల కాలపు మోనో పాట పెడితే ఇంకా తమాషా: రెండు వైపులా ఉన్నది ఒకటే కనుక పాట మొత్తం దాదాపు మాయమైపోతుంది. కొత్త పాటలో గొంతు పోయి, పాత పాటలో అంతా పోతే ఇక పరీక్షలు అక్కర్లేదు. పిన్ను గట్టిగా నొక్కండి. పోకపోతే వైరు మార్చండి.

దీనికి చుట్టం ఇంకొకటి. విడి వైర్లతో కలిపే స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారైతే ఒక కోను ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది. మృదంగం ఎడమ వైపు గంభీర నాదమంతా ఎగిరిపోయి, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతుంది. అనుమానముంటే స్పీకర్ వైర్లను ఆంప్లిఫయర్ నుంచి విప్పి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీని క్షణం పాటు తాకించండి. బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర తీగకు తాకించినప్పుడు రెండు కోన్లూ ఒకే వైపు కదలాలి.

సాఫ్ట్‌వేర్ దగ్గరకొస్తే నా మాట కరుకుగానే ఉంటుంది: శబ్దాన్ని ‘మెరుగుపరిచే’ సదుపాయాలన్నీ ముందు ఆపేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో సౌండ్ కింద మీ స్పీకర్‌ను ఎంచుకుంటే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది. దానికి తోడు లాప్‌టాప్ తయారీదారు పెట్టిన ప్రోగ్రాము, మీరే ఎప్పుడో దించుకున్న ఈక్వలైజర్. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి బాస్‌ను, అంటే అడుగు నాదాన్ని, పెంచుకుంటూ పోతే చిన్న కోను ఊపిరాడక గుడగుడమంటుంది. అన్నీ తీసేసి వారం రోజులు వినండి, తర్వాత కావలసినది ఒక్కటి పెట్టుకోండి. పాట వింటుండగా కాల్ వస్తే పాట గుసగుసలా తగ్గిపోవడం కూడా విండోస్ పనే. కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్‌లో మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించాలని ముందే పెట్టి ఉంటుంది.

బ్లూటూత్ స్పీకర్లు, హెడ్‌సెట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఒక్క విషయానిదేనని నా నమ్మకం. పాట వింటుంటే బ్రహ్మాండం. మీటింగ్ మొదలవగానే పాత టెలిఫోనులా అయిపోతుంది. బ్లూటూత్‌లో పాటకు ఒక మార్గం, మాటకు ఇంకో మార్గం. మైకు వాడటం మొదలవగానే పరికరం మాటల మార్గానికి మారుతుంది. అక్కడ శబ్దం మోనో, సెకనుకు 8 వేల నమూనాలు, కాస్త మెరుగైతే 16 వేలు. సీడీలో అవి 44,100. మీటింగ్ ప్రోగ్రాములో మైకుగా లాప్‌టాప్ మైకును ఎంచుకుంటే చాలు, చాలావాటిలో స్పీకర్ మళ్లీ పాట మార్గానికి వచ్చేస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఖరీదైన హెడ్‌సెట్లు వెనక్కి పంపినవారు నాకు తెలుసు.

సంగీతం క్లాసుల గురించి కూడా చెప్పాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న టీచరు దగ్గర డాలస్‌లో, న్యూజెర్సీలో పిల్లలు జూమ్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. తంబుర శ్రుతి వినపడి వినపడి ఆగిపోతుంది, పాప దీర్ఘంగా షడ్జం నిలిపితే మధ్యలో మింగేస్తుంది. తల్లిదండ్రులు స్పీకర్లు మారుస్తారు, తర్వాత మైకు మారుస్తారు. అసలు జరుగుతున్నది ఏమిటంటే, ఆ ప్రోగ్రాము ఎడతెగకుండా ఒకే తీరుగా వచ్చే శబ్దాన్ని ఫ్యాను మోత అనుకుని తుడిచేస్తోంది. దాని దృష్టిలో తంబురకూ ఫ్యానుకూ తేడా లేదు! ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ అన్నది ఆన్ చేస్తే ఈ తుడుపు ఆగుతుంది. పాడేవారి వైపున చేయాలి. వినేవారు ఎంత తంటాలు పడినా లాభం లేదు.

ఇన్ని చెప్పాక ఒక వాదనకు జవాబు చెప్పాలి. “రెండు వేలు పెడితే కొత్తవి వస్తాయి, ఇంత పరిశోధన ఎందుకు?” అంటాడు మా బావ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సమయానికి విలువ కట్టే మనిషి. డబ్బు లెక్కనే తీసుకుందాం. ఎర్తింగ్ లోపంతో వచ్చే మోత కొత్త స్పీకర్లలోనూ వస్తుంది, పైగా వాటి బాస్ బాగుంటుంది కనుక మరింత నిండుగా వస్తుంది. ఎన్‌హాన్స్‌మెంట్స్ కొత్తవాటి మీదా పనిచేస్తాయి. తక్కువ నాణ్యతతో కుదించి, ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో తిరిగిన పాట ఎంత ఖరీదైన స్పీకర్లోనూ అలాగే ఉంటుంది. ఖరీదైనదాంట్లో ఇంకా స్పష్టంగా వికారంగా ఉంటుంది. కాబట్టి ఆయన లెక్కలో రెండు వేలు పోయాక కూడా పరిశోధన మిగిలే ఉంటుంది. బావ ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

గది సంగతి ఎవరూ పట్టించుకోరు. మన ఇళ్లు నున్నటి టైల్స్ నేల, సున్నం గోడలు, పైన కాంక్రీటు స్లాబు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. వెనక జుయ్‌మని తోక వినిపిస్తే మీ పాటలోని ప్రతి మాటకూ అదే తోక తగులుతోంది. కిటికీకి ఒక మందపాటి తెర, నేల మీద ఒక జంపఖానా పరిస్తే వచ్చే మార్పు స్పీకర్లు మారిస్తే రాదని నేను పందెం కాస్తాను. స్పీకర్లు గది మూలలో ఉంటే బాస్ ఉబ్బి గొంతును కప్పేస్తుంది, కొంచెం ముందుకు జరపాలి. మానిటర్ వెనక దాచినవి, ఒకటి టేబుల్ మీదా ఇంకొకటి అల్మరా మీదా పెట్టినవి కూడా చూశాను. అవి రెండూ చెవి ఎత్తుకు, మీకు సమాన దూరంలో, మీ వైపు తిరిగి ఉండాలి.

కొనక తప్పని సందర్భాలు లేవని అనను. లాప్‌టాప్‌లోని బొటనవేలంత స్పీకర్లు తంబుర మంద్ర షడ్జాన్ని అసలు పలకలేవు. పై స్వరాంశాలను బట్టి మన మెదడే దాన్ని ఊహించుకుంటుంది కనుక శ్రుతి తెలుస్తుంది, నిండుతనం తెలియదు. ఏ సెట్టింగూ దాన్ని తెచ్చిపెట్టలేదు. తీగచుట్ట కాలిపోయినా, కోను చిరిగిన చోట విడిభాగం దొరకకపోయినా కొనాల్సిందే. కొనేటప్పుడు పెట్టె మీద పిఎంపిఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని రాసిన వాట్లను చదవకండి. ఆ అంకెకు ఎవరూ ఒప్పుకున్న కొలత లేదు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. దానితో నడిచే స్పీకర్ పెట్టె మీద వందల వాట్లు అని ఉంటే మిగతావి ఎక్కడి నుంచి వస్తాయో అమ్మేవారినే అడగండి. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) అని రాసిన అంకె చూడండి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్తే, మీకు అక్షరం అక్షరం తెలిసిన పాటను ఫోనులో వేసుకుని వెళ్లి, దానితోనే విని చూడండి. దుకాణంవారు తమ బాస్ పాట పెట్టి చూపిస్తామంటే నేను వద్దంటాను. పెట్టె విప్పం, కొన్నాకే వినాలి అనే చోట కొనను.